ఖాలా లెక్క

నైజీరియాలోని యొరూబా జనంలో కవలలు ఎక్కువ. జోడీలో ఒకరు చనిపోతే ఆ రూహ్ కోసం తల్లి ఒక చెక్క బొమ్మ చేయించుకునేది. పేరు ఎరె ఇబెజి. బతికున్న బిడ్డతో పాటే దానికీ నీళ్లు పోసి, బట్ట కట్టి, ముద్ద పెట్టేది. ఏళ్ల తరబడి కడిగి కడిగి ముక్కూ కళ్లూ అరిగిపోయేవి. తరాలు మారి చాలామంది ఇస్లాంలోకి, క్రైస్తవంలోకి వచ్చాక ఎన్నో బొమ్మలు అమ్ముడుపోయాయి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఆ అరుగుదలే కొనేవాళ్లకి అసలు సరుకన్న నిషానీ.

కొన్ని బొమ్మల ఒంటిమీద మూడు మూలల తావీజ్ చెక్కి ఉంటుంది, మన పిల్లల మెడలో కట్టేలాంటిదే.

మన దీన్‌లో బుత్‌కి జగా లేదు. మమతకి ఉంది. అత్తిలిలో మా ఖాలాకి హసన్, హుస్సేన్ కవలలు. చిల్లా నిండకముందే హసన్ అల్లాకి ప్యారా అయ్యాడు. ప్రతి రంజాన్‌కీ ఖాలా సందూక్‌లోంచి వాడి టోపీ తీసి, ఉతికి, నీడలో ఆరేస్తుంది. పోగులు లేచిపోయాయి. దాన్ని ఎవరు కొంటారు?

మ్యూజియం చీటీల మీద చెక్క, దేశం, కాలం రాస్తారు. బిడ్డ పేరు చాలావాటి మీద ఉండదు. పిల్లలెంతమంది అని ఎవరడిగినా, హుస్సేన్ ఒక్కడే ఎదురుగా కూర్చుని ఉన్నా, ఖాలా మాత్రం "ఇద్దరు" అంటుంది.