తొట్టిలో సముద్రం

విశాఖపట్నం వెళ్ళినవారు సముద్రపు ఒడ్డు చూడకుండా తిరిగి రారు. పిల్లలూ, ఈసారి మీరు వెళ్ళినప్పుడు అలలతో ఆడుకున్న తరవాత, ఆ ఒడ్డునే జరిగే ఒక చిత్రమైన పనిని గురించి కూడా తెలుసుకోండి. అక్కడ మనుషులు చేపపిల్లలకు తొట్టిలో సముద్రాన్ని తయారుచేసి పెడుతున్నారు!

ముందు చేపల రేవు చూద్దాం. ఊరికి దక్షిణాన సముద్రంలోకి పొడుచుకు వచ్చిన పెద్ద కొండ ఉన్నది. అది డాల్ఫిన్ ముక్కులాగా ఉంటుందని డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టారు. ఆ కొండ అండన 1933లో ఓడరేవు ప్రారంభమయింది. మరపడవలు నిలిచే చేపల రేవు కూడా ఆ దాపునే ఉన్నది. మామూలు రోజుల్లో అక్కడ గంపల సందడి, వేలంపాటల కేకలు. కాని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరపడవలు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక ప్రభుత్వం వేట నిలిపివేస్తుంది. పట్టుకుంటూ పోతే సముద్రమైనా వట్టిపోతుందని మనవాళ్ళకు తెలుసు.

మరి, పొలంలో వరి పండించినట్టు సముద్రంలో చేపలను పండించలేమా? ఈ ప్రశ్నకు విశాఖలోనే ఒక జవాబు దొరికింది. 2007లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వారు ఇక్కడి సముద్రంలో 15 మీటర్ల వ్యాసం గల గుండ్రని వల పంజరం దింపి, అందులో పండుగప్పలను పెంచారు. మన దేశంలో సముద్రపు పంజరంలో చేపలు పెంచటానికి అదే నాంది. అయితే పొలం దున్నితే చాలదు, విత్తనం కూడా కావాలి. పంజరంలో వేయటానికి చేపపిల్లలు ఎక్కడినుంచి రావాలి? వాటిని కూడా సముద్రంలోనే పట్టి తెస్తే చేసిన మేలంతా సున్నా అవుతుంది. అందుకే గుడ్డు దశనుంచీ తొట్టిలో పెంచాలి. కష్టమంతా అక్కడే ఉన్నది.

ఆ కష్టం అర్థం కావాలంటే బీచి రోడ్డు మీద ఉన్న కుర్సురా జలాంతర్గామిని ఎక్కి చూడండి. అది 1969 నుంచి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసింది. 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్నది. పొడవు 91 మీటర్లు. అంతలోనే సుమారు 75 మంది మసలేవారు. నీటిలో మునిగాక మూత బిగిస్తే బయటి గాలి లోపలికి రాదు. పీల్చే గాలి, వదిలిన గాలి, వంట, చెత్త, అన్నీ ఆ గొట్టంలోనే! గాలి చెడితే ఎంత ధైర్యశాలి అయినా ఏమీ చెయ్యలేడు.

తొట్టిలోని చేపపిల్ల స్థితి కూడా ఇంతే. సముద్రంలో అయితే నీరు చెడినచోటు విడిచి ఈదిపోవచ్చు. తొట్టిలో ఎక్కడికి పోతుంది?

కుర్సురాకు సమీపాన పాండురంగపురంలో పైన చెప్పిన సంస్థవారి విశాఖ కేంద్రం ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు పాంపనో అనే చేపనూ, నారింజరంగు చుక్కల గ్రూపర్ అనే చేపనూ తొట్లలో ఉంచి గుడ్లు పెట్టించారు. ఈ గ్రూపర్‌ది ఒక వింత. పుట్టినప్పుడు అన్నీ ఆడచేపలే; పెద్దవయ్యాక వాటిలో కొన్ని మగచేపలుగా మారతాయి! దాని గుడ్డు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పుట్టిన పిల్ల మన కంటిరెప్ప వెంట్రుకకన్నా చిన్నది. అంత ప్రాణిని ఎలా కాపాడాలి?

మొదటిది ఊపిరి. నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును చేపలు మొప్పలతో తీసుకుంటాయి. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 10 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీల మంచినీటిలో ఏడున్నరే పడుతుంది. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. అందుకని విశాఖవంటి వేడిచోట తొట్టిలోకి రాత్రింబగళ్ళు గాలి బుడగలు పంపాలి. కాని బుడగలు జోరుగా వస్తే ఆ సుడికే పసిపిల్లలు చస్తాయి. చంటిపిల్లకు ఉగ్గు పోసినంత నెమ్మదిగా గాలి పోయాలి.

రెండవది మురికి. చేప వదిలే అమ్మోనియా చాలావరకు దాని మొప్పల గుండానే బయటికి వస్తుంది. అది విషం. దీన్ని పోగొట్టేవాళ్ళు కంటికి కనిపించని పనివాళ్ళు. ఒకరకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరొకరకం దాన్ని అంతగా హాని చెయ్యని నైట్రేటుగా మారుస్తాయి. ఇవి కాపురం పెట్టటానికి తొట్టి పక్కన చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలో, గులకరాళ్ళో నింపిన మరొక తొట్టి పెట్టి, నీటిని దానిగుండా తిప్పుతారు.

మూడవది మరీ విచిత్రం. సముద్రపు చేపపిల్లలలో అనేకం పుట్టిన కొద్దిరోజులకు నీటి పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగుతాయి. ఆ గాలితో కడుపులోని గాలితిత్తి నిండుతుంది. చేప నీటిలో మునగకుండా, తేలిపోకుండా నిలవటానికి ఆ తిత్తే ఆధారం. మేతలోని నూనె నీటిమీద పల్చని తెరలాగా పరుచుకుంటే పిల్ల ఆ తెరను ఛేదించలేదు. అప్పుడు తిత్తి నిండదు. అది జన్మంతా తల పైకెత్తి ఈదుతూ, చివరకు వెన్నెముక వంగి గూనిది అవుతుంది. ఒక నూనె తెర ఒక జన్మను వంకర చేస్తుందన్నమాట! అందుకే పైతెరను ఎప్పటికప్పుడు తీసేస్తారు.

నాలుగవది తోటివాళ్ళతో బతుకు. పండుగప్ప పిల్లలలో ఒకటి కాస్త ముందు పెరిగిందా, తనలో సగమున్న తమ్ముణ్ణి మింగేస్తుంది. అందుచేత వాటిని తరచు జల్లెడవంటి పెట్టెలతో సైజులవారీగా వేరుచేస్తారు. చలిదేశాలలో సాల్మన్, ట్రౌట్ పిల్లలను పెంచేవారు మరొక ఉపాయం కనిపెట్టారు. గుండ్రని తొట్టిలో నీటిని ఒకే దిక్కుగా ప్రవహింపజేస్తే పిల్లలన్నీ వాగులో లాగా ప్రవాహానికి ఎదురు తిరిగి ఈదుతాయి. ఈదే పనిలో పడితే కొట్లాటలు తగ్గుతాయి, కండ గట్టిపడుతుంది. కదలని నీటిలోనేమో ఒకదాని రెక్క ఒకటి కొరుక్కుంటాయి. పని లేని తరగతిలో అల్లరి ఎక్కువని బడిపంతుళ్ళకు చెప్పనక్కరలేదు గదా!

ఇక మీ సంగతి. మీలో చాలామంది గుండ్రని గాజుబుడ్డిలో రంగుచేపను తెచ్చుకుంటారు. వారం తిరక్కుండా అది చచ్చిపోతుంది. ‘దాని ఆయుర్దాయం అంతే’ అంటారు ఇంట్లో. అది నిజం కాదు. కొత్త నీటిలో పైన చెప్పిన సూక్ష్మజీవులు కుదురుకోవటానికి నాలుగైదు వారాలు పడుతుంది. ఈలోగా చేప తన విషంలో తానే ఈదుతుంది. కాబట్టి బుడ్డి బదులు వెడల్పైన తొట్టి పెట్టండి. చేపలు కొద్దిగా వెయ్యండి. రెండు నిమిషాల్లో తినగలిగినంత మేతే వెయ్యండి. నీరంతా ఒక్కసారి పారబోసి కడగవద్దు. ఆ పనివాళ్ళు కూడా కొట్టుకుపోతారు. వారానికొకసారి నాలుగోవంతు మార్చితే చాలు. కుళాయి నీరు అయితే ఒకరోజు బకెట్లో నిలవ ఉంచి, క్లోరిన్ పోయాక వాడండి.

చేప అరవదు, ఏడవదు. నీటిపైకి వచ్చి నోరు తెరిచి మూస్తూ ఉంటే, మేత అడుగుతున్నదని మురిసిపోకండి. ఊపిరాడటం లేదని అది చెబుతున్నది. సముద్రం చేసే పనిని మన చేతిలోకి తీసుకున్నాక, ఆ మాట అర్థం చేసుకోవటం కూడా మన పనే.