ముందుకా? వెనక్కా?

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు. చేస్తున్నది జావా. ఈ రెండిటికీ సంబంధమేమిటని ఎవరైనా అడిగితే "క్యాంపస్ ఇంటర్వ్యూ" అని చెప్పి తప్పించుకుంటూ ఉంటాను. నాలుగేళ్ళు ఫ్లూయిడ్ మెకానిక్సు, థర్మోడైనమిక్సు అంటూ బట్టీ పట్టి, పరీక్ష రాసిన మర్నాటికల్లా అంతా మర్చిపోయి, హైదరాబాదొచ్చి ఏసీలో కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇది చదువుతున్నవాళ్ళలో నా బాపతు జనం బోలెడుమంది ఉంటారని నాకు తెలుసు :)

మనం మర్చిపోయినా ఇంట్లోవాళ్ళు మర్చిపోరు కదా! వాళ్ళ లెక్కలో నేనింకా మెషీన్ల ఇంజనీర్నే. ఆ నమ్మకం మూలాన మా బావగారికి 65,000 రూపాయలు ఎలా చేతిచమురు వదిలిందో చెబుదామనే ఇదంతా రాస్తున్నాను.

బావగారిది కాకినాడ. ఎరువుల గోడౌన్లలో, యార్డుల్లో అద్దెకు తిప్పడానికి అప్పు చేసి ఒక సెకండ్‌హ్యాండ్ స్కిడ్ స్టీర్ లోడరు కొన్నారు. ఏ కంపెనీదైనా సరే మనవాళ్ళు "బాబ్‌క్యాట్" అనేస్తారే, ఆ చిన్న బండి. (మాది ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం.) దీని చక్రాలు పక్కకి తిరగవు. ఎడం పక్క రెండు చక్రాలూ ఒక జట్టు, కుడి పక్క రెండూ ఒక జట్టు. ఒక జట్టుని ముందుకీ, ఇంకోదాన్ని వెనక్కీ తిప్పితే బండి నిలబడ్డచోటే గిర్రున తిరుగుతుంది. అమెరికాలోని మిన్నెసోటాలో కెల్లర్ సోదరులిద్దరు 1957లో ఇలాంటి బండికి మొదటి రూపం తయారుచేసింది టర్కీ కోళ్ళ షెడ్డు శుభ్రం చెయ్యడానికి. ఇరుకు చోట్లకే పుట్టింది కాబట్టి గోడౌన్లలో దీనికి మంచి గిరాకీ.

డిసెంబర్లో ఒకరోజు బావగారు ఫోన్ చేశారు. "ఏం బావా, బండి ఎడం పక్క లాగట్లేదు. పొద్దున్న ఓ గంట బానే ఉంటంది. వేడెక్కాక ఎరువు గుట్టలోకి తోస్తే ఎడం పక్కకి పోతంది. ఏం చెయ్యమంటావ్?"

నేను రెండు మీటింగుల మధ్య ఉన్నాను. పది నిమిషాలు నెట్లో వెతికాను. ఆయిలు వేడెక్కితే పల్చబడుతుంది, పల్చబడితే అరిగిన భాగాల సందుల్లోంచి లోపల్లోపలే కారిపోతుంది, అందుకే వేడి మీద బలం తగ్గుతుంది అని చదివాను. ఇదంతా నిజమే. అక్కణ్ణుంచి ఒక్క గెంతు గెంతి "ఎడం మోటారు అరిగిపోయింది బావగారూ, మార్చెయ్యండి" అని చెప్పేసి తర్వాతి మీటింగులోకి వెళ్ళిపోయాను.

సంక్రాంతికి గౌతమి ఎక్కి కాకినాడలో దిగాను. స్టేషనుకి బావగారే వచ్చారు. దారిలో ఆయన బండి ఊసెత్తలేదు, నేనూ అడగలేదు. ఇంటికెళ్ళాక అక్క కాఫీ ఇస్తూ నెమ్మదిగా అంది, "మోటారు మార్చినా అలాగే ఉందిరా". 65,000 పెట్టి మోటారు కొన్నారట. గోడౌనువాళ్ళు పదిరోజులు చూసి వేరేవాళ్ళ బండి పెట్టుకున్నారట. ఆ నెల వాయిదా కట్టడానికి అక్క తన చీటీ పాడుకుందట. కాఫీ గొంతు దిగలేదు.

మర్నాడు బావగారు పోర్టులో చాలా ఏళ్ళు పనిచేసిన ఒక మేస్త్రిగారిని పిలిపించారు. అరవై దాటినాయన. ఆయనేం చేశారో చెప్పేముందు ఈ బండి ఎలా నడుస్తుందో నాలుగు ముక్కల్లో చెబుతాను.

ఇంజనుకి గేర్‌బాక్సు బదులు రెండు పంపులు ఉంటాయి, ఒకటి ఎడం పక్కకి, ఒకటి కుడి పక్కకి. ఒక్కో పంపు నుంచి రెండు హోసులు ఆ పక్క మోటారుకి వెళ్తాయి. మోటారు చైన్ల ద్వారా చక్రాలని తిప్పుతుంది. ఆయిలు పంపు నుంచి మోటారుకీ, మోటారు నుంచి మళ్ళీ పంపుకే వస్తుంది, ట్యాంకుకి పోదు. పంపులో వాలుగా ఉండే పళ్ళేన్ని (స్వాష్‌ప్లేటు) లివరు ఒకవైపుకి వంచితే ఒక హోసులోకి ఒత్తిడి వెళ్ళి బండి ముందుకెళ్తుంది. రెండోవైపుకి వంచితే రెండో హోసులోకి వెళ్ళి వెనక్కెళ్తుంది. ఈ తిరుగుడులో కారిపోయే ఆయిల్ని భర్తీ చెయ్యడానికి చార్జ్ పంపు అని ఇంకో చిన్నది ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే రెండు వేర్వేరు సర్వర్లు, రెండిటికీ కలిపి ఒకే బ్యాకెండ్ సర్వీసు.

మేస్త్రిగారు ముందు ఆయిలు మట్టం చూశారు. లివర్ల కింద కడ్డీలు పూర్తిగా కదులుతున్నాయో లేదో చూశారు. బండిని బాగా వేడెక్కించి చార్జ్ ప్రెషర్ దగ్గర గేజీ బిగించారు. 20 బార్ దగ్గర ముల్లు కదలకుండా నిలబడింది. "ఇది పడిపోతే రెండు పక్కలా పడుకోవాలి. ఒక పక్కే కదా పడుకుంటంది. ఇది కాదు" అన్నారు. ఒక్క గేజీతో సగం బండిని అనుమానితుల జాబితాలోంచి తీసేశారన్నమాట.

తర్వాత ఆయన నన్నూ చూడలేదు, బావగారినీ చూడలేదు. గోడ పక్కన నించున్న ఆపరేటరు కుర్రాణ్ణి పిలిచారు. "ఏరా అబ్బాయ్, లాగనిది ముందుకా, వెనక్కా?"

"ముందుకేనండి. వెనక్కయితే ర్యాంపు మీద కూడా బానే లాగుద్దండి."

అందరం ఆ కుర్రాడికేసి చూశాం. "మరిన్నాళ్ళూ చెప్పలేదేంరా?" అన్నారు బావగారు.

"ఎవరూ అడగలేదండి" అన్నాడు.

ఆ ఒక్కమాటతో నా మోటారు సిద్ధాంతం కూలిపోయింది. ఆలోచించండి. ముందుకైనా వెనక్కైనా అదే పంపు, అదే మోటారు. అరిగితే రెండువైపులా నీరసించాలి. ఒక్క దిక్కులోనే తేడా అంటే ఆ దిక్కుకి మాత్రమే సంబంధించిన భాగంలో ఉండాలి. లివరు కడ్డీ కావచ్చు, కానీ అదైతే చల్లగా ఉన్నప్పుడూ తేడా చెయ్యాలి. ఇక మిగిలింది వాల్వు. మా బండిలో ఒక్కో దిక్కుకీ ఒక్కో వాల్వు ఉంది, మొత్తం నాలుగు. బొటనవేలంత ఉంటుంది. ఒత్తిడి హద్దు దాటితే వదిలెయ్యడం, ఆ వైపు ఒత్తిడి లేనప్పుడు చార్జ్ ఆయిల్ని లోపలికి రానివ్వడం దాని పని. అది సరిగ్గా మూసుకోకపోతే తొయ్యాల్సిన ఆయిలు దొడ్డిదారిన పోతుంది. పల్చబడ్డాక ఇంకా ఎక్కువ పోతుంది.

అయినా మేస్త్రిగారు "వాల్వే, కొనండి" అనలేదు. బండి చల్లారేదాకా ఆగి, మర్నాడు పొద్దున్న బకెట్ నేలకి దించి, ఇంజను ఆపి, ఒత్తిడి వదిలించి, ఎడం పంపు మీద ముందుకి సంబంధించిన వాల్వునీ వెనక్కి సంబంధించినదాన్నీ ఒకదాని చోట ఒకటి మార్చి బిగించారు. మరే మార్పూ చెయ్యలేదు. వేడెక్కాక చూస్తే బండి ముందుకి ఎద్దులా లాగింది. వెనక్కి ర్యాంపు ఎక్కలేదు. అంటే జబ్బు వాల్వుతో పాటే వెళ్ళింది. పైసా ఖర్చు లేదు.

ఇలాంటిదే ఇంకో పరీక్ష కూడా ఉందని చెప్పారు. ఒక పక్క రెండు దిక్కులా నీరసంగా ఉంటే ఎడం, కుడి హోసులు పంపు దగ్గర తారుమారు చేసి చూడాలట. జబ్బు రెండో పక్కకి పోతే తప్పు పంపు వైపు, ఉన్నచోటే ఉంటే మోటారు వైపు. మోటారు కొనకముందు కనీసం ఇదైనా చేయించి ఉంటే పోయేది కాస్త ఆయిలూ, ఒక పూటా.

వాల్వు విప్పి చూస్తే అది కూర్చునే చోట ఒక గీత, దాని పక్కన వెంట్రుక లాంటి ఉక్కు తీగ ముక్క. ఎక్కడిదది? నవంబర్లో ఎడం పక్క హోసు చిరిగితే బజార్లో కొత్తది కోయించి వేశారట. హోసు లోపల ఉక్కు తీగల అల్లిక ఉంటుంది. కోసినప్పుడు రాలిన పొట్టు సరిగ్గా శుభ్రం చెయ్యకుండా బిగించేశారు. బండి లాగకపోవడం మొదలైంది ఆ తర్వాతే. కొత్త వాల్వుకి 6,000 అయింది. ఆయిలూ, ఫిల్టరూ అదనం.

నాకు సిగ్గనిపించింది ఇక్కడే. ఆఫీసులో "అప్లికేషన్ స్లోగా ఉంది" అని టికెట్ వస్తే నేను కోడ్ ముట్టుకోకుండా పది ప్రశ్నలు వేస్తాను. ఏ పేజీ? ఎవరికి? ఎప్పట్నుంచి? దానికి ముందు ఏం మార్చారు? ఒకేసారి రెండు మార్పులు చేసిన జూనియర్ని కూర్చోబెట్టి క్లాసు పీకుతాను. అలాంటివాణ్ణి బావగారిని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "దీనికి ముందు ఏం మార్చారు?" అని అడిగి ఉంటే హోసు సంగతి ఆరోజే బయటపడేది.

ఎందుకడగలేదు అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. టైము లేక కాదు. "నాకు తెలీదు" అంటే ఇంజనీరన్న పేరు పోతుందని భయం. పైగా తప్పయితే డబ్బులు పోయేది నావి కావు. రోజుకి ఎనిమిది గంటలు ఆ బండిలో కూర్చునే కుర్రాణ్ణి అడగాలని మా ఇద్దరికీ తట్టకపోవడం ఇంకో సంగతి. ప్రొడక్షన్ లాగ్ చదవకుండా సర్వరు కొనిపించేవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

(ఇంకోమాట. పనిచేసేటప్పుడు ఈ హోసుల్లో ఒత్తిడి 200 బార్ పైనే ఉంటుంది. కారు టైర్లో ఉండేది 2 బార్ చిల్లర. సన్న చిల్లు పడి కారుతున్న చోట చేత్తో తడమకండి, అట్టముక్కతో చూడండి. ఆయిలు చర్మంలోకి దూసుకుపోతే పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, కానీ వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. మేస్త్రిగారి వేలు ఒకటి వంగదు. కారణం ఇదే.)

మోటారు డబ్బులు ఇవ్వబోతే బావగారు పుచ్చుకోలేదు. "మంచికే చెప్పావు కదా" అన్నారు. తిట్టినా బాగుండేది. రెండ్రోజులు బతిమాలితే రెండు వాయిదాలకి సరిపడా, అదీ చేబదులు కిందయితేనే తీసుకున్నారు. ఏ తప్పూ చెయ్యని పాత మోటారు గోనెసంచిలో చుట్టి మెట్లకింద ఉంది.

పోయినవారం ఆపరేటరు కుర్రాడు ఫోన్ చేశాడు. కుడి పక్క చైను దగ్గర ఏదో శబ్దం వస్తోందట. నోటిదాకా వచ్చిన జవాబుని మింగేసి, "ముందుకెళ్ళేటప్పుడా, వెనక్కా?" అని అడిగాను.

"రెండిటికీనండి."

"అయితే ఈ మాటే మేస్త్రిగారికి చెప్పు. నాకు తెలీదు" అన్నాను.