రెండో డోసు తేదీ



గత నెల ఐదో తరగతి పిల్లలను ‘మై పెట్’ మీద పది వాక్యాలు రాయమన్నాను. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లూ రాశారు, లేనివాళ్లూ రాశారు. ఒక అబ్బాయి పదో వాక్యంగా, యాన్యువల్ పరీక్షల్లో మంచి మార్కులు వస్తే నాన్న కుక్కపిల్లను తెచ్చిస్తారని రాశాడు. నోట్‌బుక్ ఇస్తూ, “మీ ఇంట్లో డాగ్ ఉందా మేడమ్?” అని అడిగాడు. “ఉండేది” అన్నాను. “ఏమైంది మేడమ్?” అన్నాడు. ఇంతలో బెల్ కొట్టారు, తప్పించుకున్నాను. వాడికి చెప్పలేకపోయిన జవాబు ఇది. ఈ వేసవి సెలవుల్లో మీలో ఎవరైనా ఇంటికి కుక్కపిల్లను తేవాలనుకుంటే, ముందుగా ఇది చదవండి.

మా లడ్డు ఇంటికి వచ్చేసరికి దాని వయసు 45 రోజులు. ఆ వారమే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లి మొదటి టీకా వేయించాను. ఆయన కార్డు మీద టీకా సీసా స్టిక్కర్ అంటించి, సంతకం చేసి, 21 రోజుల తర్వాతి తేదీని రెండో గడిలో రాసిచ్చారు. “టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలో తిప్పకండమ్మా” అని కూడా చెప్పారు.

ఆ తేదీ వచ్చేసరికి పరీక్షల సీజన్. పేపర్లు దిద్దడం, మార్కులు ఎక్కించడం, ప్రోగ్రెస్ కార్డులు. “ఆదివారం తీసుకెళ్దాంలే” అనుకున్నాను. ఆ ఆదివారం పోయింది, తర్వాతి ఆదివారమూ పోయింది. మొదటి డోసు పడింది కదా అన్న ధీమా ఒకటి. పైగా మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఆడుకుంటామంటే రోజూ సాయంత్రం దాన్ని కిందికి దింపేదాన్ని.

ఒకరోజు లడ్డు పెరుగన్నం ముట్టలేదు. రాత్రి రెండుసార్లు కక్కుకుంది. వేడి చేసిందేమో అనుకున్నాం. తెల్లారేసరికి నెత్తురుతో విరేచనాలు, ఇల్లంతా భరించలేని వాసన. డాక్టరు గారు పరీక్ష చేసి “పార్వో” అన్నారు. కార్డు చూసి, “రెండోది వేయించలేదా అమ్మా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. వాంతులు ఆగడానికి, వేరే ఇన్ఫెక్షన్ సోకకుండా ఉండడానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. పార్వో వైరస్‌ను నేరుగా చంపే మందు లేదని, ఒంట్లో నీరు తగ్గకుండా చూస్తూ కుక్కపిల్ల తట్టుకోవాలని ఎదురుచూడడమే వైద్యమని అప్పుడే తెలిసింది. లడ్డు తట్టుకోలేకపోయింది.

తర్వాత డాక్టరు గారిని అడిగాను, “ఒక టీకా వేయించాం కదా సార్, అది పనిచేయలేదా?” అని. ఆయన చెప్పింది మీకూ అర్థమయ్యేలా చెబుతాను.

కుక్కపిల్లకు పుట్టగానే తల్లి ముర్రుపాల ద్వారా రక్షణ అందుతుంది. వారాలు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. చిక్కేమిటంటే, ఆ రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం మనం వేయించే టీకాను కూడా అడ్డుకుంటుంది. అది కొన్ని పిల్లల్లో ఆరు వారాలకే పోతుంది, కొన్నింటిలో పదహారు వారాల దాకా ఉంటుంది. ఏ పిల్లకు ఎప్పుడు పోతుందో పైకి చూసి చెప్పలేం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా టీకా వేస్తూ పోతారు. ఏడాదికి మళ్లీ బూస్టర్. రెండో డోసు మొదటిదానికి అదనం అనుకున్నాను నేను. నిజానికి మొదటిది పట్టకపోతే, రెండోదే అసలు డోసు అవుతుంది.

“మీ వీధిలో ఈమధ్య కుక్కపిల్లలేమైనా చనిపోయాయా?” అని కూడా అడిగారాయన. సందు చివర రెండు చనిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఈ వైరస్ జబ్బు కుక్క మలంలో ఉంటుంది, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మన చెప్పులకు అంటుకుని ఇంట్లోకీ రాగలదు. మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోకుండా బ్లీచింగ్ కలిపిన నీళ్లతో నేల కడగమన్నారు. టీకాలు పూర్తికాని పిల్లను ఏడాదిదాకా ఆ ఇంటికి తేవొద్దన్నారు.

కుక్కల పార్వో మనుషులకు సోకదు, ఆ భయం అక్కర్లేదు. ఆ టీకాతో కలిపి ఇచ్చేవాటిలో డిస్టెంపర్‌కు, లెప్టోస్పైరోసిస్‌కు కూడా ఉంటాయి. వీటిలో లెప్టో మాత్రం మనుషులకూ వస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది రేబిస్. ఆ టీకా వేరేగా, కుక్కపిల్లకు మూడు నెలలు నిండాక వేస్తారు. తర్వాత డాక్టరు చెప్పినట్టు బూస్టర్లు వేయించాలి. ఏటా జులై 6న, జూనోసిస్ డే రోజున, మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాబుకు తొలిసారి రేబిస్ టీకా ఇప్పించారు. ఆ బాబు బతికాడు.

టీచర్‌గా ఒక మాట. ఒకసారి మా క్లాసులో ఒక పాప చెయ్యి బయటికి తీయకుండా కూర్చుంది. చూస్తే కుక్కపిల్ల పంటి గాటు. “అమ్మ తిడుతుందని చెప్పలేదు మేడమ్” అంది. దయచేసి మీ పిల్లలకు ముందే చెప్పండి: కరిచినా, గీరినా తిట్టం, వెంటనే మాకు చెప్పు అని. గాయాన్ని సబ్బు పెట్టి కుళాయి నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ సూదులు వేసే రోజులు పోయాయి, ఇప్పుడు చేతికే వేస్తారు. ఇక్కడా డోసులన్నీ పూర్తిచేయాల్సిందే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

కుక్కపిల్లను తేవాలనుకుంటే, అమ్మేవాళ్లు “అన్నీ వేయించేశామండీ” అన్నా కార్డు అడగండి. స్టిక్కర్, తేదీ, సంతకం లేకపోతే వేయించనట్టే లెక్క. తర్వాతి డోసు తేదీని మీ అబ్బాయి చేతనో అమ్మాయి చేతనో స్కూల్ డైరీలో రాయించండి. ఆ రోజు గుర్తుచేసే పని వాళ్లకే అప్పగించండి. ఫీల్డ్ ట్రిప్ డబ్బులు కట్టాలని మీకు ఎన్నిసార్లు గుర్తుచేస్తారో మీకు తెలుసు కదా! దీన్నీ మరిచిపోనివ్వరు.

లడ్డు కార్డు ఇంకా నా బీరువాలోనే ఉంది. మొదటి గడిలో స్టిక్కర్, సంతకం. రెండో గడిలో తేదీ ఒక్కటే. ఆ అబ్బాయి మళ్లీ అడిగితే, ఈసారి ఆ కార్డు తెచ్చి చూపిస్తాను.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్