నాలుగు సెంటీమీటర్లు

మా వాడు మొదటి ఏడాది జీతంలో మిగుల్చుకున్న డబ్బంతా పెట్టి కారుని పొట్టి చేయించుకొచ్చాడు.

డబ్బు పోసి ఎవరైనా ఉన్నదాన్ని ఎత్తు చేసుకుంటారు గానీ, తగ్గించుకోవడం ఎక్కడైనా ఉందా? గేటు తీస్తూ, "ఏవిట్రా, నాలుగు టైర్లలోనూ గాలి పోయిందా?" అన్నాను. హాస్యానికి కాదు, నిజంగానే అడిగాను. వాడు నొచ్చుకున్నాడు. "కాయిలోవర్లు వేయించానమ్మా" అన్నాడు. నేనది అరవదేశంలో ఏదో పుణ్యక్షేత్రం అనుకున్నాను.

వాడిది సెకండ్ హాండ్ పోలో. మన దేశంలో 2022లో ఆ బండి తయారీ ఆపేశారు. ఇక రాదన్న వస్తువు మీద మమకారం ఎక్కువ కదా, ఆదివారాలు వాడు పెందలాడే లేచేది దాన్ని తుడవడానికి మాత్రమే. నా నవలల్లో మటుకు ఎన్ని కార్లు రాలేదు! హీరో తలుపు తెరిచి పట్టుకోవడం, హీరోయిన్ చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ ఎక్కడం, దుమ్ము రేపుకుంటూ కారు వెళ్ళిపోవడం. అది నేలకి ఎంత ఎత్తున ఉందో ఒక్కదాంట్లోనూ రాసిన పాపాన పోలేదు. బి.ఏ. చదువు మరి.

ఓ రోజు వాడే ఓపిగ్గా చెప్పాడు. కారు బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగుతూ ఉండిపోకుండా అణిచేది షాక్ అబ్జార్బర్. మామూలు కార్లో స్ప్రింగు కూచునే పళ్ళెం కదలదు. దీంట్లో అలా కాదు. షాక్ అబ్జార్బర్ ఒంటినిండా బోల్టుకున్నట్టు మరలుంటాయి. మరల మీద ఒక రింగు, రింగు మీద స్ప్రింగు. రింగుని పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. అది జారిపోకుండా కింద ఇంకో రింగు బిగిస్తారు.

"పైకి తిప్పితే స్ప్రింగు నొక్కుకుపోయి గట్టిపడిపోదూ?" అన్నాను, ఏదో కనిపెట్టినట్టు.

"అందరూ అదే అనుకుంటారు. కారు బరువు మారిందా? లేదు. మరి స్ప్రింగు ఎందుకు ఎక్కువ నొక్కుకుంటుంది? నువ్వు పీట మీద దిండేసుకుని కూచున్నావనుకో. ఆ దిండే తీసుకెళ్ళి కుర్చీలో వేసుకుంటే ఎక్కువ అణుగుతుందా? నువ్వు ఎత్తుగా కూచుంటావు, అంతే."

ఉదాహరణకి నా బరువే దొరికిందా అనిపించింది గానీ, సంగతి బోధపడింది. అదంతా ముందు చక్రాల మాట. ఆ బండికి వెనకవైపు స్ప్రింగు వేరు, షాక్ అబ్జార్బర్ వేరు. అక్కడ స్ప్రింగు కింద మరలున్న దిమ్మ ఒకటి పెట్టి దాన్నే తిప్పుతారు.

మావారు ఇంకోవైపు నుంచి వచ్చారు. బండి వివరాలు ఆర్.సి.లో ఉన్నవాటికీ, కంపెనీ చెప్పినవాటికీ తేడా వచ్చేట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోందనీ, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పిందనీ పేపరు దించకుండా అన్నారు. "ఆర్.సి.లో ఎత్తు ఎక్కడుంది నాన్నా?" అన్నాడు వీడు. ఆ వాదన మూడు పూటల భోజనాల మీదుగా సాగింది. మా ఇంటి కోర్టులో తీర్పు ఇంకా రాలేదు.

అసలు శత్రువు చట్టం కాదు, మా వీధి మొదట్లో ఉన్న స్పీడ్ బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి లెక్కలో స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలిట. అంటే పడుకున్న ఏనుగు వీపులా మెల్లగా లేచి మెల్లగా దిగాలన్నమాట. మాది కాలనీవాళ్ళు ఓ రాత్రి మేస్త్రీ చేత పోయించింది. పాతకాలం వీధిగుమ్మం గడపలా ఉంటుంది. నాలుగు సెంటీమీటర్లు కిందికి దిగిన మా వాడి కారు ఎంత వాలుగా తీసినా కడుపు గీసుకుని 'గర్ర్' మనేది. రాత్రి పదకొండింటికి ఆ చప్పుడు వినబడగానే మా అత్తగారు పక్కమీద అటు తిరిగి, "వచ్చాడు" అనేవారు. అప్పటిదాకా నిద్రపోయేవారు కాదని నాకు తెలుసు.

ఆవిడ ఆ కారు ఒక్కసారే ఎక్కారు, గుడికి. ఎక్కడం సరే, దిగడం కాలేదు. "ఇది కారట్రా? పీటకి చక్రాలు పెట్టినట్టుంది" అన్నారు. వాడు పకపకా నవ్వి, రెండు చేతులూ పట్టి లాగి నుంచోబెట్టాడు. మేమందరం నవ్వాం.

తర్వాత పదిరోజులకి ఆవిడ బాత్రూంలో పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి కొత్త కీలు వేశారు. కారుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ నవ్వు గుర్తొచ్చి కాబోలు, మా వాడు ఆస్పత్రిలో బామ్మ కాళ్ళ దగ్గర కూచునేవాడే గానీ, మొహంకేసి చూసేవాడు కాదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు చెప్పిన జాగ్రత్తల్లో మొదటిది, ఎత్తు తక్కువ వాటిమీద కూచోకూడదు. కూచున్నప్పుడు మోకాళ్ళు తుంటి కన్నా పైకి రాకూడదు. కీలు తప్పే ప్రమాదం ఉందిట. కుర్చీలో దిళ్ళేశాం, కమోడ్‌కి ఎత్తు పెంచే సీటు తెచ్చాం. ఆరువారాలకి మళ్ళీ చూపించుకోవాలి.

"టాక్సీ మాట్లాడతాను, ఎత్తుగా ఉండే బండి" అన్నారు మావారు.

"టాక్సీ ఎందుకు? వాడి కారుందిగా" అన్నారు మా అత్తగారు, చాలా మామూలుగా.

ఎవరం మాట్లాడలేదు. వాడు భోజనం సగంలో లేచి చెయ్యి కడుక్కుని, "అమ్మా, నీ కుట్టుమిషను టేపేదీ?" అన్నాడు.

ఆ శనివారం రాత్రి రెండింటిదాకా నేను సెల్‌ఫోను దీపం పట్టుకుని నుంచున్నాను. జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి, చక్రం ఊడదీశాడు. మరలనిండా రోడ్డు మట్టి. పాత టూత్ బ్రష్‌తో తోమి, నూనె కొట్టి, కొక్కెంలా వంగిన స్పానర్ తగిలించి కింద రింగు వదులు చేశాడు. ఇక తిప్పడమే. ఒక చుట్టుకి రెండు మిల్లీమీటర్లు. "నాలుగు సెంటీమీటర్లంటే ఇరవై చుట్లు" అని నేను గబగబా లెక్క కట్టాను. అంత దాకా పోకూడదట, పట్టు ఉండటానికి కొన్ని మరలు మిగలాలట. పదిహేడున్నర దగ్గర ఆపాడు. వెనక ఈ లెక్క పనికిరాదు. దిమ్మ లేచినదాని కన్నా చక్రం దగ్గర కాస్త ఎక్కువే లేస్తుంది, కొలుచుకుంటూ పోవాల్సిందే.

కొలవడానికీ ఓ శాస్త్రం ఉంది. నేల నుంచి కాదు, చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా. టైర్లో గాలి హెచ్చుతగ్గులు అప్పుడు లెక్కలోకి రావు. జాకీ దించగానే కొలవకూడదు, అప్పుడది మునివేళ్ళ మీద నుంచున్నట్టు ఉంటుంది. ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తోసి, మీద చేతులేసి ఊపి, అది కుదురుగా కూచున్నాక కొలవాలి. ఎడమ 37.5, కుడి 37.2.

"మూడు మిల్లీమీటర్లు ఎవడు చూడొచ్చాడురా, పద" అన్నాను, నిద్రమత్తులో.

వాడు మాట్లాడకుండా కుడిచక్రం మళ్ళీ ఊడదీశాడు.

ఆదివారం అలైన్‌మెంట్ చేయించుకొచ్చాడు. ఎత్తు మారితే చక్రాలు చూసే దిక్కు కూడా మారుతుందట, వదిలేస్తే టైర్లు ఒకపక్కే అరిగిపోతాయి. దీపాలు ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా సరిచేయించాడు. సాయంత్రం గేటు ముందు కారు అందరి కార్లలానే ఉంది. ఏడాది జీతం ఎక్కడుందో వెతుక్కోవాలి.

సోమవారం మిగిలిన అర సెంటీమీటరుకి తోడు గట్టి దిండొకటి వేశాం. దాని మీద ప్లాస్టిక్ సంచి, తిరగడానికి జారుతుందని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. సీటు బాగా వెనక్కి జరిపి, వీపు వాల్చాడు. ఆవిడ ముందు బయటికి కాళ్ళుంచి కూచుని, మెల్లగా తిరిగారు. వాడు ఒక్కో కాలూ రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టాడు. డాక్టరుగారు చూసి అంతా బాగుందన్నారు.

తిరిగొచ్చేసరికి చీకటి పడింది. మా అత్తగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. మా వీధి మలుపు తిరిగి, స్పీడ్ బ్రేకర్ మీద కారు లేచి, దిగింది. వెనక సీట్లో నేను ఊపిరి బిగబట్టాను. చప్పుడు లేదు. ఇంటి ముందు ఆగింది.

"ఎందుకాపావురా?" అన్నారు ఆవిడ.

"ఇంటికొచ్చేశాం బామ్మా."

"అప్పుడేనా? గర్రుమనలేదేం?"