తప్పు పాపది కాదు, మౌస్‌దీ కాదు

మీ ఇంట్లో పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉందా? హాల్లో ఒక మూల గుడ్డ కప్పుకుని కూర్చుని, పిల్లల ప్రాజెక్టులప్పుడు మాత్రమే నిద్ర లేచే రకం? మా ఇంట్లో ఒకటుంది. 2015లో కొన్నాం. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. మా అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చాక దానికి మళ్లీ పని పడింది.

ఆమధ్య దానికో జబ్బు పట్టుకుంది. మౌస్ జరిపితే కర్సర్ కాసేపు ఆలోచించుకుని బయల్దేరేది. మధ్యలో ఆగేది, ఒక్కసారిగా గెంతేది. ఒక బొమ్మ మీద నొక్కబోతే పక్క బొమ్మ మీద పడేది.

ఒక రాత్రి నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా అమ్మాయి దాని ముందు ఏడుపు మొహంతో కూర్చుని ఉంది. మర్నాడే సోషల్ ప్రెజెంటేషన్ ఇవ్వాలి. “నాన్నా, ఇది కదలట్లేదు” అంది. నేను కంప్యూటర్ వైపు కూడా చూడలేదు. “ఏవేవో గేమ్స్ ఎక్కించి ఉంటావు. పాడు చేసేదాకా వదల్లేదన్నమాట” అన్నాను.

“నేనేం ఎక్కించలేదు నాన్నా.”

“నువ్వు కాకపోతే మీ అమ్మ ఎక్కించిందా?”

తను ఇంకేం మాట్లాడలేదు. చార్టు పేపరు తెచ్చుకుని పదకొండింటిదాకా చేత్తో రాసుకుంది. ఆ తర్వాత రెండు వారాలు ఆ కంప్యూటర్ దగ్గరికే వెళ్లలేదు. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు కూడా.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు వేద్దామని నేనే కూర్చున్నాను. పది నిమిషాల్లో నా ఓపిక అయిపోయింది. రిపేరు చేసే అబ్బాయికి ఫోన్ చేస్తే, “పదేళ్ల బండి కదా సార్, కొత్తది తీసేసుకోండి” అన్నాడు. కొనేద్దామనే అనుకున్నాను. ఒక్కసారి చూద్దామనిపించి, “రా తల్లీ, ఇద్దరం కలిసి దీని సంగతి తేలుద్దాం” అని పిలిచాను. కాసేపటికి పెన్సిలు, కాగితం పట్టుకుని వచ్చింది.

“నాన్నా, ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలీదని మా సైన్స్ మేడమ్ చెప్పారు” అంది. ఆ రోజు మేము పాటించిన సూత్రం అదొక్కటే. మీకు కూడా పనికొస్తుందని ఆ వరుస చెబుతున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది, కంప్యూటర్ మొత్తం స్లోగా ఉందా, కర్సర్ ఒక్కటే స్లోగా ఉందా అన్నది. నోట్‌ప్యాడ్ తెరిచి కీబోర్డుతో గబగబా టైప్ చేయండి. అక్షరాలు కూడా ఆలస్యంగా పడుతుంటే కంప్యూటరే వేరే పనిలో మునిగి ఉందని అర్థం. అక్షరాలు వెంటనే పడుతూ కర్సర్ మాత్రమే మొరాయిస్తుంటే, ముందు మౌస్ వైపు చూడాలి. మా దాంట్లో అక్షరాలు చకచకా పడ్డాయి.

తర్వాత మౌస్ కింద ఏముందో చూశాం. ఇప్పటి మౌస్ అడుగున చిన్న లైటు, చిన్న కెమెరాలాంటి సెన్సర్ ఉంటాయి. అది కింది ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఫొటోకీ ఫొటోకీ తేడాని బట్టి ఎటు జరిగిందో లెక్క కడుతుంది. అద్దం మీద, బాగా మెరిసే బల్ల మీద దానికి గుర్తులేవీ దొరక్క తడబడుతుంది. మేం మౌస్ కింద ఒక కాగితం పెట్టాం. తేడా లేదు. సెన్సర్ కన్నంలో ఇరుక్కున్న వెంట్రుక తీశాం. తేడా లేదు. బ్యాటరీ మార్చాం. ఊహూ. సెట్టింగ్స్‌లో పాయింటర్ స్పీడు చూస్తే సరిగ్గా మధ్యలోనే ఉంది. ఒక్కొక్కటీ అయ్యాక మా అమ్మాయి కాగితం మీద అడ్డంగా ఒక గీత కొట్టేది.

అప్పుడు ఎదురింటివాళ్ల దగ్గర వైరున్న మౌస్ అడిగి తెచ్చాం. కర్సర్ నీళ్లలో చేపలా పరిగెత్తింది. అంటే కంప్యూటర్ బాగానే ఉంది. వైర్‌లెస్ మౌస్‌లోనో, అది పంపే సంకేతంలోనో ఏదో లోపం ఉంది.

గోరంత ఉండే దాని రిసీవర్ సీపీయూ వెనక గుచ్చి ఉంది. మా అమ్మాయి ఫోన్ టార్చి వేసుకుని బల్ల కింద దూరింది. “నాన్నా, దీని పక్కనే, నీలం రంగు కన్నంలో ఇంకో వైరుంది. ఎవరిదిది?”

నాదే. మా పెళ్లి ఫొటోలు దాచడానికని ఆ ప్రెజెంటేషన్‌కి వారం ముందు నేనే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి, తీయడం మర్చిపోయాను. దాన్ని తీసేశాం. మళ్లీ వైర్‌లెస్ మౌస్ పెట్టి చూశాం. కర్సర్ సాఫీగా కదిలింది. డిస్క్ మళ్లీ పెట్టాం, ఫొటోలు కాపీ అవుతుంటే కర్సర్ గెంతింది. తీశాం, బాగైంది. మూడుసార్లు అలాగే జరిగింది.

కారణం ఏమిటంటే, చాలా వైర్‌లెస్ మౌస్‌లు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద పనిచేస్తాయి. యూఎస్‌బీ 3.0 పరికరాలు, వాటి వైర్లు డేటా పంపేటప్పుడు అదే చుట్టుపక్కల రేడియో గోల చేస్తాయి. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక పత్రం ప్రచురించింది. పక్కన బ్యాండు మేళం మోగుతుంటే మనిషి మాట వినపడనట్టే, మౌస్ చెప్పేది రిసీవర్‌కి సగమే వినపడుతుంది. దీనికి మందు కూడా చిన్నదే. రిసీవర్‌ని ముందువైపు పోర్టులో, మౌస్‌కి దగ్గరగా పెట్టండి. కుదరకపోతే చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో ఆ గోలకి దూరంగా జరపండి.

బల్ల కిందనుంచి లేచి మా అమ్మాయి నన్నే చూసింది. “అంటే నేను కాదు కదా నాన్నా?”

“నువ్వు కాదు తల్లీ, నేనే. ఆ రోజు చూడకుండా అనేశాను. తప్పు నాది.”

“మరి నేను చెప్పినప్పుడు ఎందుకు నమ్మలేదు?”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మీ నోట్‌ప్యాడ్‌లో అక్షరాలు కూడా ఆలస్యంగా పడుతుంటే దారి వేరు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో డిస్క్ అన్న చోట చాలాసేపు 100 శాతం కనిపిస్తుంటే పాత హార్డ్ డిస్క్ ఆయాసపడుతోందని అర్థం. స్టార్టప్ జాబితాలో మీకు తెలిసిన, అవసరం లేని ప్రోగ్రాములని ఆపండి. తెలియనివాటినీ, యాంటీవైరస్‌నీ ముట్టుకోకండి. సీ డ్రైవ్ నిండిపోకుండా చూసుకోండి. ఫ్యాను పెద్దగా అరుస్తుంటే లోపల దుమ్ము పేరుకుని ఉండొచ్చు. వేడి మరీ ఎక్కువైతే ప్రాసెసర్ తనని కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకుంటుంది. కరెంటు వైరు తీసేశాకే శుభ్రం చేయించండి. కాస్త ఖర్చు పెట్టగలిగితే, ఫైళ్లన్నీ వేరే చోట దాచుకుని, హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేయిస్తే పాత కంప్యూటర్‌కి కొత్త ఊపిరి వస్తుంది. మా దాంట్లోనూ పనిలో పనిగా స్టార్టప్‌లో మూడు ప్రోగ్రాములు ఆపాం. మూడూ నేను ఎక్కించినవే.

మొన్న యూనిట్ టెస్టులో మా అమ్మాయికి లెక్కల్లో మార్కులు తగ్గాయి. “ఫోన్ ఎక్కువైంది” అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆపుకుని, పేపరు ముందు పెట్టుకుని ఇద్దరం చూశాం. చేసినవన్నీ ఒప్పే. చివరి పేజీలో లెక్కలు ముట్టుకోనేలేదు. టైము చాల్లేదట. ఇప్పుడు ఆదివారాలు గడియారం పెట్టుకుని పాత పేపర్లు చేస్తోంది.

ఆ రోజు తను గీతలు కొట్టిన కాగితాన్ని మంచి అక్షరాలతో తిరగరాసి సీపీయూ మీద అంటించింది. మీ ఇంట్లోనూ అలాంటిదొకటి అంటించుకోండి. మా కాగితంలో ఒకటో నంబరు నా కోసం రాసిందే: “ముందు ఎవరినీ తిట్టకూడదు.” రెండోది: “ఒకసారికి ఒక్కటే మార్చాలి.”