పాపికొండల నావలో ఒక అమానతు

హిదాయా గ్రంథంలో రోగి నమాజును గురించిన అధ్యాయంలో నావకు సంబంధించిన మస్‌అలా ఒకటి వస్తుంది. నడుస్తున్న నావలో ప్రత్యేకమైన ఇబ్బంది లేకపోయినా కూర్చుని నమాజు చేస్తే నెరవేరుతుందనీ, నిలబడి చేయడమే శ్రేష్ఠమనీ ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయం. నావలో తల తిరగడం సర్వసాధారణం కనుక, అది ఉన్నట్టే భావించాలన్నది ఆయన వాదం. నిజంగా ఇబ్బంది ఉంటేనే కూర్చోవాలని ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ అంటారు. ఒడ్డుకు కట్టివేసిన నావ మాత్రం ఒడ్డుతో సమానం.

ఈ మస్‌అలాను మేము ఏళ్ళ తరబడి బోధిస్తూ వస్తున్నాము. ఒకనాడు పాఠం మధ్యలో ఒక విద్యార్థి లేచి, "హజ్రత్, నావలో తల తిరగడం ఎలా ఉంటుంది? మీరు ఎప్పుడైనా నావ ఎక్కారా?" అని అడిగాడు. తరగతి అంతా మా వైపు చూసింది. ఎక్కలేదని ఒప్పుకున్నాము. మా కారేపల్లి సింగరేణి మండలానికి కేంద్రం. ఆ సింగరేణి పేరు మీదనే దేశమంతటికీ తెలిసిన బొగ్గు గనుల సంస్థ వెలసింది. డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్డుకు వెళ్ళే రైలు మార్గం మా ఊరి మీదుగానే పోతుంది. రైలు తెలుసు, బొగ్గు తెలుసు, అడవి తెలుసు. కానీ నావ మాకు గ్రంథంలో చదివిన మాటే తప్ప కాలు మోపిన చోటు కాదు.

గోదావరి మాకు దూరమైనదేమీ కాదు. ఇల్లందు, కొత్తగూడెం, పాల్వంచ దాటితే భద్రాచలం వంతెన మీద నది కనిపిస్తుంది. అక్కడి నుంచి కూనవరం మీదుగా పోచవరం రేవుకు వెళితే, పాపికొండలకు పోయే బోట్లు దొరుకుతాయి. మా ఇంటివారు, మొహల్లాలోని మరో మూడు కుటుంబాలు, పెద్ద తరగతి పిల్లలు ఆరుగురు కలిసి వెళదామని అనుకున్నాము. ఆగస్టులో పరీక్షలు ముగియగానే బయలుదేరాలని మాట కూడా అయిపోయింది.

అప్పుడు ఆ ఆరుగురిలో ఒక బాలుని నానమ్మ మా ఇంటికి వచ్చారు. ఆ బాలుడు తండ్రి లేనివాడు. మొహల్లా అంతా ఆమెను ఖాలా అనే పిలుస్తాము. ఆమె గుమ్మంలోనే నిలబడి, "మౌలానా సాబ్, మీరు దువా చదివించి పిల్లవాణ్ణి నీళ్ళ మీదికి తీసుకుపోతారు. మళ్ళీ తెచ్చి నాకు అప్పజెప్పే పూచీ కూడా దువాదేనా?" అని అడిగారు.

ఆమె భయానికి కారణం మా ప్రాంతంలో చెప్పనవసరం లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి గండి పోచమ్మ గుడి వద్ద నుంచి బయలుదేరిన బోటు ఒకటి కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. అందులో ఉన్నవారిలో సగానికి పైగా మరణించారు. వరంగల్ ప్రాంతం నుంచి వెళ్ళినవారు కూడా వారిలో ఉన్నారు. లోతైన ఆ నీటి అడుగు నుంచి బోటును పైకి తీయడానికి నెల రోజులకు పైగా పట్టింది. రోజూ టీవీ ముందు కూర్చున్న ఇళ్ళలో ఖాలా ఇల్లు కూడా ఒకటి. ఆ తరువాత చాలాకాలం పాపికొండల విహారం ఆగిపోయింది.

ఆమెకు వెంటనే జవాబు చెప్పలేకపోయాము. 'మరణం రాసిపెట్టి ఉంటే ఇంట్లో ఉన్నా వస్తుంది' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది సత్యమే. కానీ ఆ సత్యాన్ని అడ్డుపెట్టుకుని మా పనిని ఎగవేయబోతున్నామని మా మనస్సే మమ్మల్ని నిలదీసింది. ఒంటెను కట్టాలా, లేక అల్లాహ్ మీద భారం వేసి వదిలేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టు, తరువాత భారం వెయ్యి అనే అర్థంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించిన సంగతి తిర్మిజీ హదీసు సంకలనంలో ఉంది. ఆ హదీసును ఎన్ని జుమాలలో వినిపించామో లెక్కలేదు. కానీ మేము ఆగస్టును ఎంచుకున్నది మాకు సెలవు దొరుకుతుందనే గాని, నది స్థితిని విచారించి కాదు.

ఆ రాత్రి చరిత్ర గ్రంథాలు తిరగవేశాము. సిరియా గవర్నరుగా ఉన్న హజ్రత్ ముఆవియా (రజియల్లాహు అన్హు) సముద్రయానానికి అనుమతి కోరినప్పుడు, ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) సముద్రం ఎటువంటిదో ముందుగా వర్ణించి పంపమన్నారట. కొయ్యను పట్టుకుని తేలే పురుగులా మనిషి అక్కడ ఉంటాడనే అర్థంలో జవాబు వచ్చిందట. అది విని ఆయన అనుమతి నిరాకరించారని చరిత్రకారులు రాశారు. ఉమర్ (రజియల్లాహు అన్హు) పిరికివారని ఎవరనగలరు? తన ప్రాణం పణంగా పెట్టడం వేరు, ఇతరుల ప్రాణం పణంగా పెట్టడం వేరు. తరువాత హజ్రత్ ఉస్మాన్ (రజియల్లాహు అన్హు) కాలంలో అనుమతి లభించింది. అయితే ఎవరినీ బలవంతపెట్టరాదనీ, ఇష్టపడి వచ్చేవారినే తీసుకువెళ్ళాలనీ ఆయన షరతు పెట్టారు. హిజ్రీ 28లో సైప్రస్‌కు సాగిన ఆ నౌకలలో సహాబియా ఉమ్మె హరామ్ (రజియల్లాహు అన్హా) కూడా ఉన్నారు. ఆమె సముద్రాన్ని క్షేమంగా దాటి, ఆ ద్వీపంలో నేల మీద వాహనం నుంచి పడి అమరులయ్యారు. మరణం ఎక్కడ వేచి ఉందో దాసునికి తెలియదు. కానీ జాగ్రత్త పడవలసిన బాధ్యత మాత్రం అతనిదే.

మరునాడు ఖాలా ఇంటికి వెళ్ళి, "ఆగస్టు ప్రయాణం మానుకున్నాము. ఇన్షా అల్లాహ్ చలికాలంలో వెళతాము. మేము ఏమేమి చేస్తామో రాసి తెస్తాము. అది విన్న తరువాత మీరు సరే అంటేనే పిల్లవాడు వస్తాడు. వద్దంటే రాడు, మీ మీద మాకు మనసులో ఏమీ ఉండదు" అని చెప్పాము.

ఇక ఏర్పాట్లు మొదలయ్యాయి. మొదటిది కాలం. జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలు గోదావరికి వరద కాలం. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అది 75 అడుగులు దాటిన సంగతి మా పెద్దలు ఇప్పటికీ చెబుతారు. కాబట్టి నది శాంతించిన జనవరిని ఎంచుకున్నాము.

రెండవది నాయకత్వం. ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీరుగా చేసుకోవాలని హదీసు. అందరూ మా వైపు చూశారు. మేము వద్దన్నాము. నమాజుకు ముందు నిలబడటం మాకు తెలుసు, నీటి మీద ముందు నిలబడటం తెలియదు. బొగ్గు గనిలో పనిచేసి విరమించిన భాయ్ ఒకరిని అమీరుగా ఎన్నుకున్నాము. ఆయన మొదటి మాటే, "గనిలోకి దిగినవారి లెక్క, పైకి వచ్చినవారి లెక్క కలిసేదాకా మేము ఇంటికి పోయేవాళ్ళం కాదు. ఇక్కడా అంతే" అన్నారు. ఎక్కేటప్పుడు, దిగిన ప్రతిచోటా, తిరిగి ఎక్కేటప్పుడు లెక్క చూడాలని ఆయన నియమం పెట్టారు.

మూడవది బోటు. ఎంతమందికి అనుమతి ఉందో అడిగి, అంతకు ఒక్కరు ఎక్కువున్నా ఎక్కరాదు. ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, పిల్లలకు పిల్లల కొలతది ఉండాలి. పట్టీలు, బకిళ్ళు లాగి చూడాలి. బోటు ఆగేవరకు దాన్ని విప్పరాదు. ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు పోరాదు. బరువు ఒక వైపు చేరితే బోటు ఒరుగుతుంది. కొండల మధ్య ఫోన్లు పనిచేయవని విన్నాము కనుక, అందరి పేర్లూ, తిరిగి రావలసిన వేళా రాసి, కారేపల్లిలో ఒకరి చేతికి ఇచ్చి వెళ్ళాలి. చివరి షరతు అన్నిటికంటె కష్టమైనది. ఏ ఒక్కటి కుదరకపోయినా రేవు నుంచే వెనుదిరగాలి. డబ్బు పోయినా సరే, పిల్లలు ఏడ్చినా సరే.

ఈ కాగితాన్ని ఖాలాకు చదివి వినిపించాము. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "చివరిది ఇంకోసారి చదవండి" అన్నారు. చదివాము. "అయితే నేనూ వస్తాను" అన్నారు. అలా మేము ఇరవై ముగ్గురమయ్యాము.

జనవరిలో ఒకరోజు తహజ్జుద్ వేళ బయలుదేరి, ఫజ్ర్ నమాజు దారిలో చేసుకున్నాము. నూరు కిలోమీటర్లకు మించిన దారి కనుక, ముసాఫిరులుగా నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులు రెండుగా చేసే వెసులుబాటు లభించింది. కూనవరం వద్ద శబరి నది వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఈ మండలాలు 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ముంపు జాబితాకెక్కిన గ్రామాలు దారి పొడుగునా ఉన్నాయి. మేము ఒక్కరోజు వేడుకకు ఇంత లెక్క వేసుకున్నాము. తరాలుగా ఉన్న ఇల్లు వదిలి పోవలసిన కోయ, కొండరెడ్డి కుటుంబాల ప్రయాణానికి ఎవరెంత లెక్క వేశారో అనిపించి, పిల్లలను కాసేపు నిశ్శబ్దంగా చూడమన్నాము.

రేవులోనే వుజూ చేసుకున్నాము. బోటులో ఒకరు జాకెట్లు పంచసాగారు. పెద్దవారివి బాగానే ఉన్నాయి. పిల్లల కొలతవి రెండు తక్కువ పడ్డాయి. మరొక దాని బకిలు బిగియలేదు. "దగ్గర కూర్చోబెట్టుకోండి, ఏమీ కాదు" అన్నారు అతను. అమీరు సాబ్ మా వైపు చూశారు. మేము ఖాలా వైపు చూడలేకపోయాము. పిల్లలు అప్పటికే కిటికీల పక్కన చోటు పట్టుకున్నారు. అమీరు సాబ్ గట్టిగా, "అందరూ దిగండి" అన్నారు. ఇరవై ముగ్గురం దిగాము. ఆ బోటు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది. చిన్నవారు ఏడ్చారు, పెద్దవారిలో ఒకరిద్దరు గొణిగారు. దాదాపు గంట తరువాత వచ్చిన మరొక బోటులో పిల్లలందరికీ సరిపడా జాకెట్లు దొరికాయి. ఖాలా ఒక్క మాటా మాట్లాడలేదు. బురఖా మీద తన జాకెట్ తానే తొడుక్కుని, మనవడి బకిళ్ళు మూడు సార్లు లాగి చూసి, అందరికంటె ముందు ఎక్కి కూర్చున్నారు.

బోటు కదలగానే ప్రయాణ దువా చదివాము. నూహ్ (అలైహిస్సలాం) నౌక నడకా, నిలకడా అల్లాహ్ నామంతోనే అని సూరా హూద్ తెలియజేస్తుంది. అయితే అదే సూరాలో అల్లాహ్ పర్యవేక్షణలో ఆ నౌకను నిర్మించిన విషయం కూడా ఉంది. బిస్మిల్లాహ్ అని ఎక్కడానికి ముందు ఆ ప్రవక్త చేసిన శ్రమను పిల్లలకు గుర్తుచేశాము.

కొండలు రెండు వైపుల నుంచి దగ్గరవుతూ వచ్చాయి. వెంట్రుకలను రెండుగా చీల్చిన పాపిడిలా నది వాటి నడుమ సాగుతుంది కనుక వీటిని పాపిడి కొండలనేవారట, అదే పాపికొండలైంది. సుబ్‌హానల్లాహ్! అంత వెడల్పైన గోదావరి అక్కడ ఒదిగి, నల్లగా, లోతుగా, చప్పుడు లేకుండా పారుతుంది. పేరంటాలపల్లి వద్ద బోటు ఆగింది. తోటి ప్రయాణికులు ఆశ్రమానికి, గుడికి వెళ్ళారు. మేము చెట్ల నీడలో, దారికి అడ్డం రాకుండా చాపలు పరచి జమాఅత్‌తో జుహర్ చేసుకున్నాము. కొండరెడ్డి స్త్రీలు అమ్మే వెదురు వస్తువులు మా ఆడవారు కొన్నారు. బొంగు చికెన్ కావాలని పిల్లలు మారాం చేశారు. జబీహా ఎలా జరిగిందో తెలియదు కనుక వద్దని చెప్పి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఖీమా రొట్టెలు పంచాము.

తిరుగు ప్రయాణంలో, రెండు రకాతుల నఫిల్ చేద్దామని నడుస్తున్న బోటులో నిలబడ్డాము. మొదటి రుకూలోనే కాళ్ళ కింద నేల జారినట్టయింది. తల తిరిగింది. కూర్చుని పూర్తి చేశాము. సలాం తిప్పేసరికి ఆ విద్యార్థి నవ్వు ఆపుకుంటూ, "హజ్రత్, ఇమామ్ అబూ హనీఫా చెప్పిందే నిజమేమో!" అన్నాడు. ఆ మస్‌అలా మాకు ఆనాడు ఒంటితో అర్థమైంది.

పోచవరంలో దిగగానే అమీరు సాబ్ లెక్క చూశారు, ఇరవై ముగ్గురం. కారేపల్లి చేరేసరికి ఇషా వేళ దాటింది. ఖాలా ఇంటి ముందు ఆగి, నిద్రమత్తులో ఉన్న మనవడి చేతిని ఆమె చేతిలో పెట్టాము. ఆమె వాడి తల నిమిరి, "అమానతు అందింది, మౌలానా సాబ్" అన్నారు.

బుఖారీలో ఒక హదీసు ఉంది. ఒక ఓడలో కొందరు పై అంతస్తులో, కొందరు కింది అంతస్తులో ఉన్నారు. కిందివారు నీటి కోసం తమ చోటనే రంధ్రం చేయబోతారు. పైవారు పట్టించుకోకపోతే అందరూ మునుగుతారు, చెయ్యి పట్టి ఆపితే అందరూ బతుకుతారు. ప్రియమైన పాఠకులారా! ఇంటిల్లిపాదినీ తీసుకుని నది మీదికి వెళ్ళేటప్పుడు దువాతో పాటు ఒక కాగితం కూడా రాసుకోండి. అందులో వెనుదిరిగే షరతును మరువకండి. ఇంట్లో భయపడుతున్నవారి మాటను ఈమాన్ లోపంగా ఎంచకండి. చాలాసార్లు ఆ భయమే మనం చేయబోయే రంధ్రాన్ని ముందుగా చూస్తుంది. అల్లాహ్ మనందరి ప్రయాణాలను క్షేమకరం చేయుగాక! ఆమీన్.