నూటేడు పుస్తకాల బొంత

ఆదివారం అరసవల్లిలో పొద్దెక్కేదాకా పడుకోవడం కుదరదు. సూర్యనారాయణస్వామి రోజు. తెల్లారకముందే ఆటోల మోత, కొబ్బరికాయల బేరాలు, వరసలో నిలబడలేని పిల్లల ఏడుపులు... గుడికి నాలుగు వీధుల అవతల ఉన్న ఆ డాబా ఇంట్లోనూ ఆ సందడికే మెలకువ వస్తుంది. అయితే అక్కడ పదమూడేళ్ల మనవరాలు లేవగానే పక్క మడతపెట్టదు. పక్కనే పడుకున్న మామ్మ చెయ్యి పట్టుకుని, కప్పుకున్న బొంతమీద ఎక్కడో ఓచోట ఆనిస్తుంది.

''ఇదేంటి మామ్మా?''

మామ్మ బొటనవేలితో గుడ్డని ఓసారి రాస్తారు. ''గరుగ్గా ఉంది. పొందూరు ఖద్దరు. మా నాన్న పంచె. కన్యాశుల్కం.''

''ఇది?''

''జారిపోతోంది చూడు... నైలెక్సు చీర. సెక్రటరీ.''

''మరిది?''

''ఖాకీని కూడా అడగాలా? మీ తాతయ్య డ్యూటీ చొక్కా. పతంజలి ఖాకీవనం.''

ఆ బొంత వెడల్పు అయిదడుగులు, పొడవు ఆరడుగులు. గడపలో నిలబడి చూస్తే మంచంమీద పుస్తకాల అల్మరాని వెల్లకిలా పడుకోబెట్టినట్టుంటుంది. నాలుగు అరలు. అరకి ఇరవై ఏడు చొప్పున నూటెనిమిది పుస్తకాలు ఉండాలి. ఉన్నవి నూటేడే. ఆ ఒక్కటి ఎందుకు లేదో తర్వాత చెప్పుకుందాం. పొరలన్నీ కలిపి కుట్టడానికి సాయం వచ్చిన బొంతలామె మొదటిరోజు దాన్ని చూసి నోరు నొక్కుకుంది. ''ఓలమ్మో! ఇదేటమ్మా, బొంతమీద బీరువా ఎక్కించేసినారు?''

ఆవిడ 1974లో కొత్తకోడలిగా అరసవల్లి వచ్చారు. చదివింది పదో తరగతి. భర్త ఆర్టీసీలో కండక్టరు. బస్సు డిపోకి చేరాక సీట్లమీద ప్రయాణికులు మర్చిపోయిన వారపత్రికలు ఉండేవి. వారం రోజులు చూసి, ఎవరూ వచ్చి అడక్కపోతే ఆయన ఇంటికి తెచ్చేవారు. సీరియల్లో ఆరో వారం దొరికేది, ఏడో వారం దొరికేది కాదు. మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఆవిడే వంటింట్లో ఊహించుకునేవారు. తర్వాత బజార్లో అద్దె పుస్తకాల షాపు పరిచయమైంది. రోజుకి పావలా అద్దె. ఒకరోజు అద్దెకి రెండు నవలలు చదివేసి ఇచ్చేయడం ఎలాగో ఆవిడకి తెలుసు. షాపాయనకి మాత్రం చాలాకాలం తెలీలేదు! ఆ తర్వాత సొంత పుస్తకాలు. ఎమెస్కో వాళ్ల ఇంటింటి గ్రంథాలయం పుస్తకాలు, విశాలాంధ్ర బస్సు ఊళ్లోకి వచ్చినప్పుడు చవగ్గా దొరికిన రష్యా పుస్తకాలు, పిల్లల చందమామలు. అన్నం మాడిన వాసన వస్తే కోడలు ఏదో మంచి కథలో ఉందని వీధి మొత్తానికీ అర్థమయ్యేది. ''పుస్తకం తినీసి బతికీ మనిషికి కూడెందుకు?'' అని అత్తగారు సణిగేవారు. ఆ అత్తగారే మధ్యాహ్నం పూట వాకిట్లో కాళ్లు చాపుకుని, ''ఆ పిల్ల సంగతి ఏటయ్యింది?'' అని కథ చెప్పించుకునేవారు.

ఈ ప్రాంతంలో చదువరిగా పుట్టడం ఓ రకంగా అదృష్టమే. గురజాడ కన్యాశుల్కం మొదటిసారి 1892లో విజయనగరంలో ఆడారు. చాసో ఆ ఊరివారే. రావిశాస్త్రి పుట్టింది శ్రీకాకుళంలో. ఇక కాళీపట్నం రామారావు మాస్టారైతే ఏకంగా కథకి ఇల్లే కట్టారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో తెరిచిన కథానిలయం అరసవల్లికి ఆటో దూరం. 2021లో కన్నుమూసేదాకా ఆయన ధ్యాస దానిమీదే. ఆవిడ అక్కడికి నాలుగైదుసార్లు వెళ్లారు. ఎదురుగా మాస్టారు కూర్చుని ఉంటే 'యజ్ఞం' గురించి ఓ ప్రశ్న అడగాలని ఉండేది. ధైర్యం చాలక నమస్కారం పెట్టి వచ్చేసేవారు. ఆ ప్రశ్న ఏమిటంటే మాత్రం ఇప్పటికీ చెప్పరు.

2019లో చదువుతున్న వరసలో చివరి మాటలు తప్పిపోవడం మొదలైంది. పక్కనే పెట్టుకున్న మజ్జిగ గ్లాసు మోచెయ్యి తగిలి పడిపోయేది. గడప తట్టుకునేవారు. వయసు కదా, అద్దాలు మారిస్తే సరిపోతుందనుకుని రెండుసార్లు మార్చారు. మూడోసారి కంటి డాక్టరు లోపలి ఒత్తిడి కొలిచి, నీటికాసులు అన్నారు.

నీటికాసులు దొంగలాంటి జబ్బు. చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపుని మెదడుకి చేర్చే నరం కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. ముందు అంచుల్లో చూపు పోతుంది, ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. పోయిన చూపు మళ్లీ రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతోనో ఆపరేషన్‌తోనో కాపాడుకోవాలి. ఇంట్లో ఎవరికైనా ఉంటే మిగతావాళ్లు నలభై దాటాక పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. వాళ్ల నాన్న చివరి రోజుల్లో గోడ పట్టుకుని నడవడం ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని అందరూ ముసలితనం అనే అనుకున్నారు.

కళ్లు బాగుపడాలని ఎక్కడెక్కడివాళ్లో వచ్చి మొక్కుకునే ఊరు అరసవల్లి. ఆ ఊళ్లోనే ఉన్న మనిషికి ఇలా కావడం ఏమిటని భర్త బాధపడ్డారు. ఆవిడ మాత్రం రెండిటినీ కలపలేదు. చుక్కలు రోజూ వేళ తప్పకుండా వేసుకున్నారు. ఆదివారాలు గుడికెళ్లారు. పుస్తకం పట్టుకుంటే ఇప్పుడు సన్నటి గొట్టంలోంచి చూసినట్టు నాలుగు అక్షరాలు కనిపిస్తాయి. అయిదోదాన్ని వెతుక్కునేసరికి మొదటిది జారిపోతుంది. ఆర్నెల్లు ప్రయత్నించి మానేశారు.

అది చాలదన్నట్టు 2021లో ఇంటికి సున్నం వేయించడానికి అల్మరా జరిపితే వెనక చెక్క లేదు. చెదలు! చందమామ బైండ్లు పైకి ఠీవిగానే ఉన్నాయి. పట్టుకుంటే లోపల మట్టి. బాగున్న పత్రికల్ని కథానిలయానికి ఇచ్చారు. నవలలు అడిగినవాళ్లకి పంచారు. పాడైనవాటిని తూకానికి వేస్తామంటే ఒప్పుకోలేదు. భోగి దాకా దాచి, మంటలో తన చేత్తోనే వేశారు. అల్మరా ఉన్నచోట గోడమీద తెల్లటి నలుచదరం మిగిలింది. అది మటుకు ఆవిడకి బాగానే కనిపించేది.

బొంత ఆలోచన అమెరికా నుంచి వచ్చింది. చిన్నకోడలు అక్కడి ఊరి గ్రంథాలయంలో గోడకి వేలాడదీసిన క్విల్టు ఫొటో పంపించింది. గుడ్డముక్కలతో కుట్టిన పుస్తకాల బీరువా. 'అత్తయ్యా, మీ అల్మరా గుర్తొచ్చింది' అంది ఫోన్లో. అక్కడ క్విల్టు కుట్టడం పెద్ద వ్యాపకం. దానికోసమే గుడ్డలమ్మే దుకాణాలు, పోటీలు ఉంటాయి. పుస్తకాల బీరువా నమూనా అంటే వాళ్లకి మరీ మోజు. ఫొటో ఈవిడకి ముక్కలు ముక్కలుగానే కనపడింది. మనవరాలు పక్కన కూర్చుని వివరించింది. అంతా విని ఆవిడన్న మాట - ''ఓస్, బొంతే కదా!''

బొంతే. బెంగాల్లో కాంథా, బీహార్లో సుజని, కర్ణాటకలో కౌది, మనకి బొంత. పాత చీరలు పొరలుగా పరిచి, సూదిని కిందికీ పైకీ దించుతూ వరసలు కుట్టడమే ఎక్కడైనా. బాలింత పక్కలోకి, పసివాడి కిందకి కొత్త గుడ్డ పనికిరాదు. వందసార్లు ఉతికిన చీరకే ఆ మెత్తదనం.

2022 రథసప్తమి వెళ్లాక పని మొదలైంది. ట్రంకుపెట్టె బోర్లిస్తే యాభై ఏళ్ల బట్టలు బయటపడ్డాయి. ఒక్కో పుస్తకానికి ఒక్కో గుడ్డ. అదీ ఏదో ఒకటి కాదు, ఆ పుస్తకం చదివిన రోజుల్లో కట్టుకున్నదే కావాలి, లేదా ఆ పుస్తకానికి తగినదైనా కావాలి. వేయిపడగలకి పెళ్లి పట్టుచీర, జరీ అంచుతో సహా. లావుపాటి పుస్తకం కాబట్టి నాలుగు వేళ్ల వెడల్పు. మహాప్రస్థానం సన్నటిది, ఎర్ర జాకెట్టు గుడ్డ ఒక్క వేలంత. చందమామలకి పిల్లల గౌన్లు. పొందూరు పంచెకి మాత్రం కత్తెర వెయ్యడానికి రెండు రోజులు చెయ్యి రాలేదట. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, శుభ్రం చేసి, చేత్తో వడికిన నూలు అది. తండ్రి పోయాక ఆవిడ తెచ్చుకున్నది ఆ ఒక్క పంచే.

పుస్తకాలన్నీ ఒకే ఎత్తు ఉండవు కదా. అందుకని ఒక్కో పట్టీకి కింద పుస్తకం గుడ్డ, పైన నల్లటి లంగా గుడ్డ అతికి, అన్నీ ఒకే పొడవుకి తేవాలి. అప్పుడు పైన నలుపు అల్మరా లోపలి చీకటిలా కనిపిస్తుంది. అరల చెక్కలకి కాఫీరంగు గుడ్డ. కొలతలన్నీ జానలు, వేళ్లతోనే. సూదుల్లోకి దారం ఎక్కించడం మనవరాలి వంతు. ట్యూషన్‌కి వెళ్లేముందు ఇరవై సూదులకి దారం ఎక్కించి, తలగడకి గుచ్చి వెళ్లేది. ఇరవయ్యోది అయిపోతే ఆరోజుకి పని అయిపోయినట్టే.

తప్పులూ జరిగాయి. ఎర్ర గుడ్డని ముందే విడిగా నాలుగు నీళ్లలో జాడించకుండా కుట్టేశారు. మొదటి అర పూర్తయ్యాక తడిపితే మహాప్రస్థానం రంగు పక్కనే ఉన్న వేయిపడగలకి అంటుకుంది. ''శ్రీశ్రీ విశ్వనాథకి అంటాడని ఎవరైనా అనుకుంటారా!'' అని తాతగారు పడీపడీ నవ్వారు. ఆ మరక ఇప్పటికీ ఉంది. అట్టలమీద పేర్లు కుడదామని పిల్ల పేచీ పెట్టింది. ''నాకు కనపడని అక్షరాలు ఎవరికి చూపించడానికే?'' అని మామ్మ కసిరారు. చివరికి నాలుగో అర పిల్లకి వదిలేశారు. గొలుసుకుట్టుతో వంకర టింకరగా పేర్లు కుట్టింది. అల్పజీవికి ఒత్తు పోయింది. దాన్ని దిద్దనివ్వలేదు.

అన్నిటికంటే కష్టమైనది ఆవిడ పెట్టుకున్న నియమం. కథ మొదలునుంచి చివరిదాకా చెప్పగలిగితేనే ఆ పుస్తకానికి అల్మరాలో చోటు. సాయంత్రం కథ చెప్పాలి, పిల్ల వినాలి, మర్నాడు పట్టీ కుట్టాలి. అలా నూరు దాటాయి. నూటేడోది చివరకు మిగిలేది. చిన్నప్పటి దయానిధి, అతని తల్లిమీద ఊరి మాటలు, అమృతం... జోరుగా చెప్పుకుంటూ వెళ్లి ఆవిడ ఒక్కసారిగా ఆగిపోయారు.

''తర్వాత?''

''గుర్తులేదే.''

మామూలుగా ఇలాంటివాటికి నవ్వేసే మనిషి, చివరికి ఏం మిగిలిందో గుర్తులేదని తనే హాస్యమాడే మనిషి, ఆ రాత్రి అన్నం తినలేదు. కళ్లు పోతే పోయాయి, లోపల ఉన్నవి ఎక్కడికీ పోవనుకున్నారు. మర్నాడు మంచం మీంచి లేస్తూ, ''ఒక్కోటీ ఇలాగే పోతాయి కాబోలు'' అన్నారట భర్తతో.

పిల్లది ఇంగ్లిషు మీడియం. తెలుగు చదవడం వచ్చుగానీ, కూడబలుక్కుంటేగానీ రాదు. తాతగారు ఊళ్లో గ్రంథాలయం నుంచి పుస్తకం తెచ్చారు. రోజుకి ఏడెనిమిది పేజీలు. అది నత్తి నత్తిగా చదువుతుంటే మొదటి రెండ్రోజులూ మామ్మకి ఒంటిమీద తేళ్లు పాకినట్టుండేది. ''అది 'అంతరాత్మ', అంతరాత... కాదు!'' మూడో వారానికి దిద్దడం తగ్గింది. ఒకరోజు పిల్ల తనంతట తనే ఎనిమిది పేజీలు దాటి పదిహేను చదివేసింది. ట్యూషన్ మానేసింది కూడా. దానికి ఇంట్లో పెద్ద గొడవే అయింది. రెండు నెలలకి పుస్తకం పూర్తయింది. దానికి గుడ్డ ఏది వెయ్యాలన్నదాంట్లో మామ్మకి సందేహం రాలేదు. పొట్టి అయిపోయి పక్కన పడేసిన పిల్ల స్కూలు యూనిఫాం, నీలం గళ్లది.

2024 సంక్రాంతికి బొంత పూర్తయింది. మధ్యలో రెండు పాత నేతచీరల పొర, కింద దుప్పటంత వెడల్పున మరో చీర. మధ్యనుంచి అంచులకి కుట్టుకుంటూ వెళ్లాలి, లేకపోతే ముడతలు పడతాయని బొంతలామె దగ్గరుండి చూసుకుంది. ఆమెకి చదువు రాదు. కూలి లెక్క చూసుకుంటూ, ''ఆ నీలంగళ్ల బుక్కులో ఏటుందమ్మా?'' అని అడిగింది. పిల్లే కూర్చోబెట్టి చెప్పింది.

ఇక ఆ నూటెనిమిదోది. మూడో అరలో పట్టుమని రెండు వేళ్ల ఖాళీ, అందులోకి పక్క పుస్తకం వాలి ఉంటుంది. నిలువు పట్టీకంటే వాలిన పట్టీ కుట్టడమే కష్టం. ముక్కని ఏటవాలుగా కోసి రెండువైపులా నలుపు అతకాలి. వారం పట్టింది. ఖాళీ కనబడకుండా ఇంకో పుస్తకం పెట్టేస్తే సరిపోయేది కదా అంటే ఆవిడ ఒప్పుకోరు. అది బారిష్టరు పార్వతీశం స్థలం. 1983లో ఎదురింటావిడ 'రెండ్రోజుల్లో ఇచ్చేస్తా వదినా' అని పట్టుకెళ్లింది. ఆ నెలలోనే వాళ్లాయనకి బదిలీ అయింది. కథ మొత్తం ఈవిడకి ఇప్పటికీ కంఠతా వచ్చు కాబట్టి నియమం ప్రకారం చోటుంది. పుస్తకమే లేదు.

ట్రంకుపెట్టెలో అడుగున, కలరా ఉండల మధ్య, ఆ సంవత్సరం కట్టుకున్న ఆకుపచ్చ వాయిలు చీర ముక్క ఒకటి జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పున కోసి సిద్ధంగా ఉంచారు. ''ఆవిడ తెచ్చిస్తే ఆ పూటే కుట్టేస్తాను'' అంటారు.